బావరి పంపిన పదహారు మంది

మా ఎల్లారెడ్డి వైపు చరిత్ర అనగానే దోమకొండ గడి, కౌలాస్ కోట, భిక్కనూరు సిద్ధరామేశ్వరుడి గుడి, 1931లో పూర్తయిన నిజాంసాగర్ గుర్తొస్తాయి. బుద్ధుడి పేరు ఎవరి నోటా రాదు. ఆయన్ను చూడాలంటే ఎల్లారెడ్డి నుంచి మెదక్, హైదరాబాద్ దాటి, ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా నాగార్జునసాగర్‌లోని బుద్ధవనానికి పోతాం. కానీ బుద్ధుణ్ని వెతుక్కుంటూ ప్రయాణం కట్టడం మా నేలకు కొత్త కాదు. ఆ సంగతి పాలి గ్రంథాల్లోనే ఉంది.

బౌద్ధ వాఙ్మయం చెప్పే పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అస్సక ఒక్కటే. సంస్కృతంలో దాన్నే అశ్మక అన్నారు. దాని రాజధాని పోదనం మన బోధనే అని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరే జిల్లా అయింది గానీ, అంతకుముందు ఎల్లారెడ్డి, బోధన్ ఒకే నిజామాబాద్ జిల్లాలోవి. నిజాంసాగర్ దాటిన మంజీర ఆ బోధన్ వైపే పారి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది.

ఆ గోదావరి ఒడ్డునే, అస్సక దేశంలో, కోసల నుంచి వచ్చిన బావరి అనే వేదపండితుడు ఆశ్రమం కట్టుకున్నాడు. ఏరుకున్న గింజలతో, పండ్లతో బతికేవాడు. పక్క ఊరి రాబడితో పెద్ద యజ్ఞం చేసి, ఉన్నదంతా దానం చేసేశాడు. అప్పుడు కాళ్లు పగిలి, తలంతా దుమ్ము పట్టిన బ్రాహ్మణుడొకడు వచ్చి అయిదు వందలు అడిగాడు. లేవన్నందుకు, ఏడో రోజున నీ తల ఏడు చెక్కలవుతుందని శపించాడు. బావరి తిండి మానేసి కుమిలిపోయాడు. తల అంటే ఏమిటో, అది పగలడమంటే ఏమిటో తెలిసినవాడు బుద్ధుడొక్కడేనని ఒక దేవత చెప్పింది. ముసలితనం వల్ల తాను కదలలేక, శిష్యులు పదహారు మందిని పంపాడు.

వాళ్లు పోయిన ఊళ్లన్నీ సుత్తనిపాతం అనే పాలి గ్రంథం చివరి భాగంలో వరుసగా ఉన్నాయి. పైఠాన్, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, కపిలవస్తు, కుశీనగరం, వైశాలి, ఆపైన మగధ. ఆ వరుస చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. దండెత్తడానికో సరుకు మోయడానికో చేసిన ప్రయాణం కాదది. ఒక సందేహం తీర్చుకోవడానికి మన గోదావరి మనుషులు అంత దూరం నడిచారు. అవిద్యే ఆ తల, విద్యే దాన్ని పగలగొట్టేది అని బుద్ధుడు చెప్పాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న అడిగారు. అందరిలో పెద్దవాడు పింగియుడు తిరిగొచ్చి బావరికి అంతా చెప్పాడు. ఒంట్లో సత్తువ లేక మళ్లీ పోలేనని, మనసుతో మాత్రం రాత్రింబగళ్లు ఆయన్నే చూస్తున్నానని అన్నాడట.

బావరి ఆశ్రమం ఇప్పటి నిర్మల్ జిల్లా బాదనకుర్తి దగ్గర, గోదావరి మధ్యలోని లంకలో ఉండేదని కొందరు పరిశోధకుల మాట.

బుద్ధవనంలో 27 అడుగుల అవుకన బుద్ధుడి ముందు నిలబడితే నాకు పింగియుడే గుర్తొస్తాడు. అది శ్రీలంక ఇచ్చిన విగ్రహం, అక్కడి పాత శిలా విగ్రహానికి నమూనా. పింగియుడి కాలానికి బుద్ధుడికి విగ్రహమే లేదు. ఆ తర్వాత కొన్ని వందల ఏండ్ల దాకా శిల్పులు పాదాలు, ధర్మచక్రం, బోధివృక్షం చెక్కి ఆయన్ను సూచించారు తప్ప రూపం చెక్కలేదు. 274 ఎకరాల ఈ వనం 2022 మే 14న మొదలైంది. అమరావతి స్తూపం తీరులో కట్టిన మహాస్తూపం 42 మీటర్ల వ్యాసం, 21 మీటర్ల ఎత్తు. అసలు అమరావతిది ముక్కలై లండన్‌కూ చెన్నైకీ చేరిపోయింది. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయను ఇక్కడి జలాశయమే ముంచింది. అందుకే ఇక్కడ కొత్తగా కట్టడం తప్పు కాదనిపిస్తుంది. పోయిన దాన్ని పిల్లల కళ్లకు చూపించడానికి ఇంకో దారి లేదు.

  

ఎల్లారెడ్డి, బాన్సువాడ, కామారెడ్డి బడుల నుంచి ఏటా విహారయాత్ర బస్సులు కదులుతాయి. నాగార్జునసాగర్ పోయే బస్సు ఒకరోజు ముందే బయల్దేరి, బోధన్‌లో ఆగి, కందకుర్తిలో మంజీర కలిసే చోట పిల్లలను దింపి, ఆ పదహారు మంది పేర్లు చదివించాలి. అజితుడు, పుణ్ణకుడు, ధోతకుడు, నందుడు, మోఘరాజు, పింగియుడు, అందరినీ. బుద్ధవనం మరునాడు చూడొచ్చు.