హైదరాబాదు రాజ్యంలో ఔత్సాహిక ఖగోళ పరిశీలన: ఫిసల్‌బండ నుండి రంగాపూర్ వరకు

ఉపోద్ఘాతం

నారాయణఖేడ్ ప్రాంతపు రైతుకు ఆకాశం కొత్తది కాదు. మృగశిర కార్తెను 'మిరుగు' అని పిలుచుకుంటూ విత్తుకు సిద్ధపడడం, కృత్తికల గుంపును 'పిల్లలకోడి'గా గుర్తుపట్టడం, వేగుచుక్క పొడుపుతో పనికి లేవడం తెలంగాణ పల్లె జీవనంలో భాగాలు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్ర భాగంలో ఉండే సుమారు 13, 14 రోజుల కాలమే కార్తె. ఇరవై ఏడు కార్తెల ఈ లెక్క తరతరాల ఆకాశ పరిశీలన మీద నిలిచినది. అయినప్పటికీ 1979లో స్కైలాబ్ కూలుతుందన్న వార్తకు, 1980లో సంపూర్ణ సూర్యగ్రహణానికి ఇవే పల్లెలు భయపడ్డాయి. అప్పటికి హైదరాబాదులో వేధశాల వెలసి దాదాపు ఎనభై సంవత్సరాలు. ఆ వేధశాలకూ పల్లెకూ మధ్య దూరం ఎందుకు తరగలేదన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

వ్యక్తిగత ఆసక్తి నుండి ప్రభుత్వ సంస్థకు

తెలుగునాట ఆధునిక ఖగోళ పరిశీలన రెండుచోట్లా ఔత్సాహికుల చేతనే ఆరంభమయింది. విశాఖపట్నంలో జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లో తన సొంత ఖర్చుతో వేధశాలను నెలకొల్పారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నిర్వహించి, 1874 నాటి శుక్ర సంక్రమణాన్ని పరిశీలించారు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యులయ్యారు. ఆయన మరణానంతరం ఆ వేధశాల మద్రాసు ప్రభుత్వ పరమయింది.

హైదరాబాదు చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుండి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని కొని, ఫిసల్‌బండలోని తన స్థలంలో వేధశాలకు పూనుకున్నారు. నిజాం పేరుమీద అది 'నిజామియా' అయింది. 1907లో ఆయన మరణించగా, మరుసటి సంవత్సరం ప్రభుత్వం దానిని స్వాధీనపరచుకొని బేగంపేటకు తరలించింది. దాత కోరి తెప్పించిన ఆ పెద్ద దూరదర్శిని మాత్రం 1922లో గాని ప్రతిష్ఠితం కాలేదు.

ఈ ఆలస్యానికి అర్థముంది. ప్రభుత్వ సంస్థగా మారిన వేధశాలకు వేరే బాధ్యత ఎదురయింది. 1887లో పారిస్‌లో నిర్ణయమైన అంతర్జాతీయ నక్షత్ర ఛాయాపటల ప్రణాళికలో దక్షిణాకాశపు 17 నుండి 23 డిగ్రీల మధ్య భాగం హైదరాబాదు వంతుకు వచ్చింది. చాట్‌వుడ్, పోకాక్, ఆ తర్వాత 1918 నుండి 1944 వరకు టి.పి. భాస్కరన్ సారథ్యంలో ఈ పని సాగింది. ఈ కృషి ఫలితంగా 7.5 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు పట్టికలకెక్కాయి. ఒక సంస్థానంలోని వేధశాల ప్రపంచానికి చేసిన గొప్ప సేవ ఇది.

పట్టిక భాష, ప్రశ్న భాష

ఆ పట్టికలు ఆంగ్లంలో వెలువడ్డాయి. 1919లో వేధశాల చేరిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. అప్పట్లో బీదరు జిల్లాలో ఉన్న నారాయణఖేడ్ తాలూకా తెలుగు, కన్నడ, మరాఠీ భాషల కూడలి. 1956 పునర్విభజనలో అది మెదకు జిల్లాలోకి వచ్చింది. ఆ తాలూకా విద్యార్థి నగరంలోని వేధశాలను చేరాలంటే ముందు ఇంకొక భాషను దాటాలి. దాటిన కొద్దిమందికి ఫలం దక్కింది. వేధశాల ఉద్యోగి కుమారుడైన వైణు బప్పు బాల్యం నుండే ఆకాశాన్ని పరిశీలించి, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డ్‌కు వెళ్లారు. 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఆయన ఒకరు. ఇంట్లోనే వేధశాల వాతావరణం ఉన్న బాలునికి అందిన అవకాశం అది; పల్లె బాలునికి ఆ ద్వారం తెరుచుకోలేదు.

1979-80: రెండు పరీక్షలు

1973లో అమెరికా ప్రయోగించిన, సుమారు 77 టన్నుల స్కైలాబ్ 1979 జూలై 11న హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను శకలాలుగా పడింది. అంతకుముందు మేకలు, కోళ్లు కోసుకుని తిని చివరి రోజులు గడుపుకున్నారన్న కథనాలు తెలంగాణ జనస్మృతిలో నేటికీ ఉన్నాయి. వీటిని అమాయకత్వంగా కొట్టివేయడం సులభం. కాని ఆ భయం వెనుక సరైన ప్రశ్న ఉంది: అన్నాళ్లు పడనిది ఇప్పుడెందుకు పడుతుంది?

కక్ష్యలోని వస్తువు ఆకర్షణకు అతీతం కాదు. 400 కిలోమీటర్ల ఎత్తులోనూ భూమి ఉపరితలం మీది ఆకర్షణలో దాదాపు 90 శాతం ఉంటుంది. వ్యోమగాములు తేలడానికి కారణం, నౌకతోపాటు వారూ నిరంతరం పడుతూ ఉండడమే. పక్కకు పోయే వేగం వల్ల ఆ పతనం భూమి చుట్టూ పరిభ్రమణమవుతుంది. సూర్యుని క్రియాశీలత పెరిగి పై వాతావరణం వ్యాకోచించినందున స్కైలాబ్ వేగం తగ్గి కక్ష్య కుంగింది. కార్తెల లెక్క తెలిసిన రైతుకు ఈ వివరణ అందరానిది కాదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణపు నీడ రంగాపూర్ మీదుగా సాగింది. 1968లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొన్న జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు ఆ నీడ కోసం ఎదురుచూశారు. గ్రహణం పాక్షికంగా కనిపించిన నారాయణఖేడ్ వంటి చోట్లనే కాదు, నగరంలోనూ జనం ఇళ్లలో ఉండిపోయారు. ఒకే ఆకాశం కింద ఒకరికి సిద్ధత, మరొకరికి భయం.

ఉపసంహారం

1984లో నిజాం కళాశాల పూర్వ విద్యార్థి రాకేశ్ శర్మ అంతరిక్ష యాత్ర చేయడం, 1985లో హైదరాబాదులో బిర్లా ప్లానిటోరియం ఆరంభమై తెలుగులో ప్రదర్శనలివ్వడం ఈ దూరాన్ని కొంత తగ్గించాయి. నిజామియా చరిత్రను నక్షత్రాల సంఖ్యతో మాత్రమే కొలిస్తే అది విజయగాథ. సామాన్యుని ప్రశ్నకు సామాన్యుని భాషలో సమాధానం చెప్పిందా అన్న ప్రమాణంతో కొలిస్తే అసంపూర్ణ గాథ. జఫర్ జంగ్ దూరదర్శినిని కొన్నది ఆకాశాన్ని చూడాలన్న కోరికతో. పిల్లలకోడిని గుర్తుపట్టిన రైతుకున్నదీ అదే కోరిక. పల్లె నక్షత్ర నామాలను, కార్తెల జ్ఞానాన్ని, స్కైలాబ్ నాటి మౌఖిక కథనాలను సేకరించి వేధశాల చరిత్ర పక్కన నిలిపినప్పుడే తెలుగువారి ఖగోళ చరిత్ర పూర్ణమవుతుంది.