బహ్రెయిన్ బలదియా: కరెంటు బిల్లులో వచ్చే ఆ పది శాతం కథ

కుటుంబంతో బహ్రెయిన్ వచ్చి సొంతంగా ఫ్లాటు అద్దెకు తీసుకున్నవారికి మొదటి కరెంటు బిల్లు చూడగానే ఒక అనుమానం వస్తుంది. ఏసీ పెద్దగా వాడలేదు, నీళ్లూ పొదుపుగానే వాడారు. అయినా మొత్తం ఎక్కువగా కనిపిస్తుంది. వరుసగా చూసుకుంటూ పోతే మునిసిపాలిటీ ఫీజు అని విడిగా ఒక పద్దు కనపడుతుంది. అద్దె 200 దీనార్లయితే ఆ పద్దు కింద 20 దీనార్లు. అద్దెలో సరిగ్గా పదో వంతు, ప్రతి నెలా.

మన ఊళ్లో ఇంటి పన్ను కట్టేది ఇంటి ఓనరు. అద్దెకున్నవారికి మునిసిపాలిటీతో లెక్కాపత్రాల పని పెద్దగా ఉండదు. బహ్రెయిన్‌లో స్థానిక పాలన ఖర్చులో వాటా నేరుగా అద్దెకున్న మన చేతి నుంచే వెళుతుంది. అలాంటప్పుడు ఆ మునిసిపాలిటీ ఏమిటి, ఎవరు నడుపుతారు, మన పని ఎక్కడ పడుతుంది అన్నది తెలుసుకుని ఉండటం మంచిది. తెలియకపోతే నష్టపోయేది జేబు మాత్రమే కాదు.

హైదరాబాద్ బల్దియా, మనామా బలదియా

హైదరాబాద్ నగరపాలక సంస్థను తెలుగు పత్రికలు ఇప్పటికీ బల్దియా అనే రాస్తాయి. ఆ మాట ఉర్దూ మీదుగా మనకు వచ్చిన అరబిక్ మాట. బహ్రెయిన్‌లో మునిసిపాలిటీని అరబిక్‌లో బలదియా అనే అంటారు. పేరు ఒకటే, పద్ధతి మాత్రం వేరు.

మనామా మునిసిపాలిటీ 1919లో ఏర్పడింది. గల్ఫ్ తీరంలో ఇలాంటి సంస్థల్లో ఇది తొలి తరానికి చెందింది. 1926లో సగం మంది సభ్యులను ఎన్నిక ద్వారా, సగం మందిని నియామకం ద్వారా తీసుకున్నారు. ఆస్తి ఉన్న స్త్రీలకు కూడా అప్పుడు ఓటు ఉండేది. మనామా అప్పటికే అనేక జాతుల రేవు పట్నం కాబట్టి అరబ్బులతో పాటు పర్షియన్, హిందూ, యూదు వర్తకులకూ ఆ తొలి మండళ్లలో చోటు దక్కింది. ఆ హిందూ వర్తకులు ఎక్కువగా సింధు ప్రాంతం నుంచి వచ్చిన భాటియాలు. మనామా పాత బజారులో సుమారు 200 ఏళ్ల నాటి శ్రీనాథ్‌జీ ఆలయం వారిదే. అప్పట్లో అక్కడ చెలామణిలో ఉన్నది కూడా మన రూపాయే. 1959లో గల్ఫ్ కోసం ప్రత్యేక రూపాయి వచ్చింది, 1965లో బహ్రెయిన్ దీనారు వచ్చింది.

తర్వాతి దశాబ్దాల్లో ఎన్నికైన మండళ్లు ఆగిపోయాయి. రాజ్యాంగ సంస్కరణల సమయంలో 2001లో కొత్త మునిసిపాలిటీల చట్టం చేశారు. 2002 మే నెలలో మళ్లీ ఎన్నికలు జరిగాయి. అప్పటి నుంచి నాలుగేళ్లకోసారి జరుగుతున్నాయి. చివరిగా 2022 నవంబరులో జరిగాయి.

ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు

దేశం మొత్తం విస్తీర్ణం 800 చదరపు కిలోమీటర్ల లోపే. 2007లో ఏర్పడినప్పుడు జీహెచ్‌ఎంసీ పరిధే సుమారు 650 చదరపు కిలోమీటర్లు. కాబట్టి బహ్రెయిన్‌లో జాతీయ ప్రభుత్వానికీ స్థానిక ప్రభుత్వానికీ మధ్య దూరం చాలా తక్కువ. మునిసిపాలిటీలన్నీ మునిసిపాలిటీల వ్యవహారాల మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తాయి.

ఇప్పుడు రాజధాని, ముహర్రఖ్, ఉత్తర, దక్షిణ అనే నాలుగు ప్రాంతాలున్నాయి. 2014 వరకు మధ్య ప్రాంతం అని ఐదోది ఉండేది, దాన్ని రద్దు చేసి మిగిలినవాటిలో కలిపారు. ముహర్రఖ్, ఉత్తర, దక్షిణ ప్రాంతాలకు ఎన్నికైన మునిసిపల్ మండళ్లు ఉన్నాయి. మూడింటికీ కలిపి 30 స్థానాలు. మనామాకు మాత్రం 2014 నుంచి ఎన్నికైన మండలి లేదు, దాని చోట నియమిత ట్రస్టీల బోర్డు వచ్చింది. అంటే దేశంలో అన్నిటికంటే ముందు మునిసిపాలిటీ ఏర్పడిన నగరంలోనే ఇప్పుడు మునిసిపల్ ఎన్నిక లేదు. హూరా, గుదైబియా, జుఫైర్ లాంటి మనవాళ్లు ఎక్కువగా ఉండే పేటలన్నీ ఈ రాజధాని పరిధిలోవే.

మండలిలోని సభ్యుడు మన వార్డు కౌన్సిలర్ లాంటివాడు. పేటలో పార్కు కావాలన్నా, చెత్త తీయడం లేదన్నా, పార్కింగ్ చాలడం లేదన్నా విషయాన్ని సమావేశంలో పెడతాడు. మండలి తీర్మానం చేసి మంత్రికి పంపుతుంది. మంత్రి అభ్యంతరం చెప్పవచ్చు. మండలి పట్టుబడితే విషయం మంత్రివర్గానికి వెళుతుంది. రోజువారీ పని నడిపేది డైరెక్టర్ జనరల్ కింద ఉండే అధికారులు. మన దగ్గర చైర్మన్, కమిషనర్ ఉన్నట్టే అక్కడా ఎన్నికైనవారు ఒకవైపు, అధికారులు ఒకవైపు.

ఓటు సంగతి చాలామంది అడుగుతుంటారు. పార్లమెంటు ఎన్నికల్లో విదేశీయులకు ఓటు లేదు. 2002లో మునిసిపల్ ఎన్నికలు తిరిగి మొదలైనప్పుడు మాత్రం బహ్రెయిన్‌లో స్థిరాస్తి ఉన్న విదేశీయులకూ ఓటు ఇచ్చారు. విదేశీయులు కొనుక్కోవడానికి వీలున్న అమ్వాజ్, జుఫైర్ లాంటి చోట్ల ఫ్లాట్లు ఉన్న మనవాళ్లు ఈ విషయం కనుక్కుని ఉంచుకోవాలి. అద్దెకున్నవారికి ఓటు లేదు, ఫీజు మాత్రం ఉంది.

ఏ పని ఎవరిది

ఫిర్యాదు తప్పు చోటికి వెళ్లి వారాలు గడిచిపోవడం మనవాళ్లకు తరచూ జరిగేదే. అందుకే ఈ పంపకం గుర్తుంచుకోవాలి.

చెత్త సేకరణ, వీధుల శుభ్రత, పార్కులు, కూరగాయల, చేపల మార్కెట్లు, ఇళ్ల నిర్మాణ అనుమతులు, దుకాణం బోర్డులు, రోడ్డు మీద ఆక్రమణలు, అద్దె ఒప్పందాల నమోదు ఇవన్నీ మునిసిపాలిటీ పనులు. నిర్మాణ అనుమతులకు బెనాయాత్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది.

కరెంటు, నీళ్లు మునిసిపాలిటీవి కావు. అవి విద్యుత్, నీటి సంస్థవి, మనవాళ్లందరూ ఈడబ్ల్యూఏ అనేది దాన్నే. మునిసిపాలిటీ ఫీజును వసూలు చేసిపెట్టేది కూడా ఆ బిల్లే. రోడ్లు, మురుగు కాల్వలు పనుల మంత్రిత్వ శాఖవి. వీసా, వర్క్ పర్మిట్ ఎల్‌ఎంఆర్‌ఏ చూస్తుంది. సీపీఆర్ కార్డు సమాచార, ఈ-గవర్నమెంట్ సంస్థది. గవర్నర్ కార్యాలయం హోం శాఖ కిందిది. దానికీ మునిసిపాలిటీకీ పేరులో ప్రాంతం ఒకటే అయినా పని వేరు.

ఎక్కడికి వెళ్లాలో తెలియనప్పుడు తవాసుల్ అనే ప్రభుత్వ యాప్ ఉంది. ఇంగ్లిష్‌లోనూ పనిచేస్తుంది. ఫొటో, చిరునామా పెట్టి ఫిర్యాదు చేస్తే సంబంధిత శాఖకు వెళుతుంది, నంబరు వస్తుంది. ఆ నంబరు దాచుకోవాలి.

చిరునామా రాసే పద్ధతి కూడా మనకు కొత్త. ఫ్లాటు, బిల్డింగు, రోడ్డు, బ్లాకు అని నాలుగు నంబర్లు. ముహర్రఖ్ బ్లాకులు 2తో, మనామావి 3తో, రిఫావి 9తో మొదలవుతాయి. అద్లియాలో హోటళ్లున్న వీధులను జనం బ్లాక్ 338 అనే పిలుస్తారు. ఈ నాలుగు నంబర్లు నోటికి రావాలి. అంబులెన్సుకైనా, అగ్నిమాపక వాహనానికైనా 999కి ఫోన్ చేసినప్పుడు వారు అడిగేది ఇవే. ‘ఫలానా కోల్డ్ స్టోర్ వెనకాల’ అంటే చాలదు.

పది శాతం లెక్క

మునిసిపాలిటీ ఫీజు మీరు వాడిన కరెంటు మీద కాదు, ఒప్పందంలో రాసిన అద్దె మీద పడుతుంది. ఈ ఒక్క మాట అర్థమైతే సగం ఇబ్బందులు తప్పుతాయి.

మొదటిది, ఇల్లు మాట్లాడుకునేటప్పుడు. అద్దె ‘ఇన్‌క్లూజివ్’ అని చెబితే కరెంటు, నీళ్లు మాత్రమేనా, మునిసిపాలిటీ ఫీజు కూడానా అని అడగాలి. కరెంటుకు నెలకు ఎంతవరకు పరిమితి, దాటితే ఎవరు కట్టాలి అన్నదీ అడగాలి. జవాబు నోటిమాటగా కాకుండా ఒప్పందంలో రాయించుకోవాలి. 180 దీనార్ల అద్దె, ఫీజు విడిగా అంటే నిజానికి అది 198.

రెండోది, అద్దె తగ్గినప్పుడు. ఓనరుతో మాట్లాడి 250 నుంచి 220కి తగ్గించుకున్నా పాత ఒప్పందమే రికార్డులో ఉంటే ఫీజు 25 గానే వస్తుంది. కొత్త అద్దెతో ఒప్పందం మార్చి నమోదు చేయించాలి.

మూడోది, ఊరికి వెళ్లినప్పుడు. రెండు నెలలు సెలవు మీద వెళ్లి ఇంటికి తాళం వేసినా కరెంటు వాడకం సున్నాకు దగ్గరగా ఉంటుందేమో గాని, ఫీజు ఆగదు. ఖాతా తెరిచి ఉన్నంతకాలం నడుస్తూనే ఉంటుంది.

లీజు, మీటరు, సీపీఆర్

2014 నాటి 27వ నంబరు అద్దె చట్టం ప్రకారం అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, నెలలోగా నమోదు కావాలి. ఓనరుకూ అద్దెకున్నవారికీ తగాదా వస్తే వినడానికి అద్దె వివాదాల కమిటీని ఆ చట్టమే ఏర్పరచింది. అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోయినా, మధ్యలో అద్దె పెంచినా, ఖాళీ చేయమని ఒత్తిడి చేసినా అక్కడికి వెళ్లవచ్చు. చేతిలో నమోదైన ఒప్పందం లేకపోతే మాత్రం మన మాటకు ఆధారం ఉండదు.

అందుకే మూడు కాగితాల్లో ఒకే చిరునామా ఉండేలా చూసుకోవాలి. నమోదైన లీజు, ఈడబ్ల్యూఏ ఖాతా, సీపీఆర్. ఇల్లు మారగానే మూడూ మారాలి. బ్యాంకు, స్కూలు అడ్మిషన్, కుటుంబాన్ని తెచ్చుకునే దరఖాస్తు, ఎక్కడైనా అడిగేది ఈ చిరునామానే.

షేరింగ్ గదుల సంగతి

ఇక మాట్లాడుకోవాల్సింది ఫ్లాటు తీసుకోలేని వారి గురించి. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వచ్చి షేరింగ్ గదుల్లో బెడ్ స్పేస్‌లో ఉండేవారు చాలామంది. లీజు ఒకరి పేరు మీద, నివాసం ఎనిమిది మందిది. నెలాఖరుకు తలా కొంత వేసుకుని కడతారు. అంతవరకు బాగానే ఉంటుంది. లీజు పేరున్న అన్న ఒకరోజు ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోతాడు. వెనక ఉన్నవారు అదే ఖాతా మీద గడిపేస్తారు. బాకీ పెరిగితే అది అతని పేరు మీదే నిలుస్తుంది. అతను మళ్లీ బహ్రెయిన్‌కు వచ్చి కొత్త ఇల్లు తీసుకుంటే ఆ బాకీ ముందుకొస్తుంది. ఇక గదిలో మిగిలినవారికి ఓనరు ముందు నిలబడే కాగితమే ఉండదు.

ఇంతకంటే పెద్ద విషయం ప్రాణం. 2006 జూలైలో గుదైబియాలో కార్మికుల నివాసంలో మంటలు లేచి 16 మంది భారతీయులు చనిపోయారు. 2013 జనవరిలో మనామాలో అలాంటి మరో భవనంలో 13 మంది పోయారు. ఎక్కువ మందిని ఇరికించిన పాత ఇళ్లు, చెక్కతో అడ్డుగోడలు, ఒకే మెట్లదారి, ఒకే ప్లగ్గుకు నాలుగు వైర్లు. ఇలాంటి ఇళ్లలో మంట ఎలా అంటుకున్నా బయటపడే దారి తక్కువ. కుటుంబాలుండే పేటల్లో బ్యాచిలర్ ఇళ్లు వద్దని మునిసిపల్ మండళ్లలో తరచూ చర్చ జరుగుతుంది. ఆ చర్చలో కూర్చునే సభ్యుడికి మన ఓటు అవసరం లేదు. మన మాట అక్కడికి చేరాలంటే మనమే ఫిర్యాదు చేయాలి, రాయబార కార్యాలయం ఓపెన్ హౌస్‌లో చెప్పాలి, తెలుగు సంఘాల ద్వారా తెలియజేయాలి.

గదిలో ఉన్నవారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. లీజు పేరున్నవారు వెళ్లిపోయే నెలకు ముందే ఖాతా ఇంకొకరి పేరుకు మార్చుకోవాలి. ప్రతి నెలా ఎవరెంత ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాసి సంతకాలు పెట్టుకోవాలి. ప్రతి ఒక్కరి సీపీఆర్‌లో నిజంగా పడుకునే చోటి చిరునామా ఉండాలి. ఏదైనా జరిగినప్పుడు, లోపల ఎవరెవరున్నారో తెలిసేది దాని వల్లే. ఊళ్లో ఇంటివాళ్ల ఫోన్లో కూడా ఆ నాలుగు నంబర్లు రాసి ఉంచాలి.

వెళ్లేటప్పుడు

శాశ్వతంగా వెళ్లిపోయేవారు టికెట్ కొన్న రోజే ఈ పనులు మొదలుపెట్టాలి. ఓనరుకు ఒప్పందంలో రాసిన గడువు ప్రకారం రాతపూర్వకంగా తెలపాలి. ఈడబ్ల్యూఏ ఖాతాకు చివరి రీడింగు తీయించి, మునిసిపాలిటీ ఫీజుతో సహా కట్టి, ఖాతా మూయించాలి. కట్టిన డిపాజిట్టు తిరిగి అడగాలి. బాకీ లేదన్న రసీదు ఫొటో తీసి ఫోన్లోనూ, కాగితం సూట్‌కేసులోనూ పెట్టుకోవాలి. పాత మంచాలు, సోఫాలు మెట్ల దగ్గర వదిలేయకుండా మునిసిపాలిటీకి చెబితే తీసుకువెళతారు. మెట్లదారికి అడ్డంగా వదిలిన మంచం వెనక ఉండేవారికి ప్రమాదం.

మనూళ్లో పంచాయతీ ఆఫీసుకు వెళితే తాత పేరు చెప్పినా గుర్తుపడతారు. ఇక్కడ మనల్ని గుర్తుపట్టేది లీజు, మీటరు, సీపీఆర్‌లలో ఉన్న చిరునామాతోనే. పదో వంతు ఎలాగూ కడుతున్నాం. ఆ మూడింటిలో మన చిరునామా సరిగా ఉందో లేదో ఈ శుక్రవారం సెలవు రోజున ఒకసారి చూసుకుంటే చాలు. పక్క గదిలో కొత్తగా వచ్చిన తమ్ముడికి కూడా చూపించండి.