పది రూపాయల బాధ్యత

1832లో బొంబాయిలో కుక్కల కోసం అల్లర్లు జరిగాయి. వీధికుక్కల్ని చంపితే తలకింతని బ్రిటిష్ వారు డబ్బు ఇవ్వసాగారు. దానికి ఆశపడి కొందరు ఇళ్లలో జొరబడి పెంపుడు కుక్కల్నీ చంపారు. కుక్కను పవిత్రంగా చూసే పార్సీలు తిరగబడ్డారు. దుకాణాలు మూతపడ్డాయి, సైన్యానికి సరుకులు ఆగిపోయాయి.

ఆ గొడవంతా కుక్కల్ని చంపడం గురించే, పెంచే యజమాని బాధ్యత గురించి కాదు. యజమాని సంగతి 1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఉండేది గానీ, అదీ మనిషికి ముప్పు అన్న కోణంలోనే. పెంచుకున్న జంతువును అదుపులో పెట్టనివాడికి 289వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో వెయ్యంటే మాటలా!

పెంచే జీవి పట్ల మనిషికున్న బాధ్యతను వివరంగా రాసింది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. దాని వెనుక భరతనాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఉంది. రాజ్యసభ సభ్యురాలిగా ఆమె సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాటివ్వడంతో వెనక్కి తీసుకున్నారు. వచ్చిన చట్టం మంచిదే. తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోతే నేరం. కుక్కను ఎప్పుడూ గొలుసుకే కట్టేసి తిప్పకపోతే నేరం. కారణం లేకుండా దిక్కులేనిదాన్ని చేసి వదిలేసినా నేరమే. శిక్ష మాత్రం, తొలిసారైతే పది నుంచి యాభై రూపాయలు!

2001 నిబంధనలతో వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు వచ్చాయి. పెంపుడు కుక్కకు టీకా, లైసెన్సు యజమాని పనేనని వాటిలోనే రాశారు. ఆ ముక్క ఎవరికీ పట్టలేదు. 2017లో కుక్కల్ని ఈనించి అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు, ఎనిమిది వారాల లోపు పిల్లల్ని అమ్మకూడదన్నారు. 2024 మార్చిలో కేంద్రం ఏకంగా 23 కుక్క జాతుల్ని నిషేధించమని సర్క్యులర్ ఇచ్చింది. నెల తిరక్కుండానే కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. జాతిని తప్పుపట్టడం తేలిక, పెంచేవాణ్ణి అడగడమే కష్టం.

శిక్షాస్మృతి స్థానంలో అదే ఏడాది అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత వెయ్యి రూపాయల జరిమానా ఐదు వేలైంది. 1960 చట్టంలోని జరిమానాల్ని పెంచడానికి 2022లో ముసాయిదా బిల్లు తయారైంది. 2025 నాటికీ అది చట్టం కాలేదు. కుక్కను రోడ్డున వదిలేసినవాడు తొలిసారి పట్టుబడితే కట్టాల్సింది ఆ పాత పది రూపాయల నుంచి యాభై దాకానే.