పేరు నిలిచింది, సాక్ష్యం నిలవలేదు: నోబెలియం ఐసోటోపుల చరిత్ర (1957–1997)

ఉపోద్ఘాతం

మూలకాన్ని నిర్ణయించేది దాని పరమాణు సంఖ్య. కేంద్రకంలో 102 ప్రోటాన్లుంటే అది నోబెలియం. అయితే ప్రకృతిలో దొరకక, ప్రయోగశాలలో కొద్దికొద్ది పరమాణువులుగా పుట్టి నశించే మూలకం విషయంలో ఈ నిర్వచనం విజ్ఞానశాస్త్ర చరిత్రకారునికి ఎంతోకాలం ఉపకరించదు. తొలి ప్రయోగాలలో ప్రోటాన్లను నేరుగా లెక్కించినవారు లేరు. వారికి కనిపించినవి ఆల్ఫా కణాల శక్తి, ఆ కణాల సంఖ్య సగానికి తగ్గడానికి పట్టిన కాలం. ఈ రెండు కొలతలూ ఏదో ఒక ఐసోటోపుకు (సమస్థానీయానికి) చెందినవే. అందుచేత 102వ మూలకాన్ని ఎవరు కనుగొన్నారన్న వివాదం ఆచరణలో అర్ధాయువుల వివాదంగా నడిచింది. నోబెలియం ఐసోటోపుల పట్టికను చరిత్ర పత్రంగా చదవవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతోంది.

స్టాక్‌హోమ్: పది నిమిషాల అర్ధాయువు

1957లో స్టాక్‌హోమ్‌లోని నోబెల్ భౌతికశాస్త్ర సంస్థలో స్వీడన్, అమెరికా, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి క్యూరియం-244ను కార్బన్-13 అయానులతో తాడించారు. క్యూరియం పరమాణు సంఖ్య 96, కార్బన్‌ది 6, కలిస్తే 102. ద్రవ్యరాశి సంఖ్యల మొత్తం 257. తాడన వేడిమికి నాలుగో ఆరో న్యూట్రాన్లు వెలువడితే 253 గాని 251 గాని మిగులుతుంది. సుమారు 8.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి, సుమారు 10 నిమిషాల అర్ధాయువు గల ఆల్ఫా చర్య కనిపించిందని వారు ప్రకటించి, ఆల్‌ఫ్రెడ్ నోబెల్ పేరిట మూలకానికి నామకరణం చేశారు. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య ఆ పేరును త్వరగానే అంగీకరించింది. 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్న సామెత ఇంత సరిగ్గా అమరే సందర్భం ఆవర్తన పట్టికలో మరొకటి కనిపించదు.

1958లో బర్క్లీలో ఆ ప్రయోగాన్ని తిరిగి చేసి చూసిన గియోర్సో, సిక్‌లాండ్, వాల్టన్, సీబోర్గ్‌లకు పది నిమిషాల చర్య కనిపించలేదు. నేటి కొలతల ప్రకారం నోబెలియం-253 అర్ధాయువు సుమారు 1.6 నిమిషాలు, 251ది ఒక సెకను కూడా లేదు. ప్రకటించిన కాలానికి ఈ రెండింటిలో ఏదీ సరిపోదు.

బర్క్లీ: కదిలే పట్టీ

బర్క్లీ వర్గం ఎన్నుకున్న పద్ధతి వివరంగా చెప్పుకోదగినది. భార అయానుల రేఖీయ త్వరణకంలో కార్బన్-12తో క్యూరియాన్ని తాడించారు. లక్ష్యం నుండి ఎగిరిపడిన పరమాణువులు హీలియం వాయువులో వేగం కోల్పోయి, విద్యుదావేశం గల కదిలే పట్టీపై చేరేవి. పట్టీ సాగుతుండగా వాటిలో కొన్ని ఆల్ఫా కణాన్ని విడిచేవి. ఆ తాకిడికి వెనుకకు చిమ్మిన సంతాన కేంద్రకాలు ఎదురుగా అమర్చిన రేకుకు అంటుకొనేవి. తరువాత రేకును ముక్కలుగా కోసి, ఏ ముక్కలో సంతానమైన ఫెర్మియం-250 ఎంత ఉందో లెక్కించేవారు. పట్టీ వేగం తెలుసు కనుక రేకుపై దూరమే కాలమయ్యేది. తల్లి ఐసోటోపును నేరుగా చూడకుండానే, బిడ్డల పంపకాన్ని బట్టి తల్లి ఆయుష్షును గణించడమన్నమాట. ఇలా నోబెలియం-254 అర్ధాయువు 3 సెకన్లని తేల్చారు.

లోపం లక్ష్యంలో దాగింది. దానిలో క్యూరియం-246 ఐదు శాతానికి మించలేదు, మిగిలినదంతా క్యూరియం-244. 246కు 12 కలిపి నాలుగు న్యూట్రాన్లు తీసివేస్తే 254. 244తో అదే లెక్క వేస్తే 252. పద్ధతి ఎంత చతురమైనదైనా ద్రవ్యరాశి సంఖ్య విషయంలో అది ఊహపైనే ఆధారపడింది. 3 సెకన్ల చర్య 254ది కాదని, 252దని బర్క్లీ వర్గమే అనంతర కాలంలో సవరించుకొంది.

దుబ్నా

ఆ సవరణకు దారితీసినవి దుబ్నా ఫలితాలు. ఫ్లెరోవ్ నాయకత్వంలోని సోవియట్ వర్గం 1950ల చివర మాస్కోలో చేసిన తొలి ప్రకటన కూడా బలహీనమైనదే. ప్లుటోనియం-ఆక్సిజన్ చర్యలో చూసిన అర్ధాయువును వారు 2 నుండి 40 సెకన్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చన్నారు. 1960ల నడుమ దుబ్నాలో యురేనియం-238ని నియాన్-22తో తాడించిన ప్రయోగాలతో పరిస్థితి మారింది. 254 అర్ధాయువు 3 సెకన్లు కాదనీ, సుమారు 50 సెకన్లనీ 1966లో వెల్లడైంది. నేటి విలువ 51 సెకన్లు. ఆవిష్కరణ వివాదాల పరిశీలనకై నియమితమైన అంతర్జాతీయ బృందం 1990ల ఆరంభంలో నిర్ణాయక సాక్ష్యంగా గ్రహించినది ఈ 1966 ఫలితాలనే. సీబోర్గ్, గియోర్సోలు ఆ నివేదికకు ఘాటుగా అభ్యంతరం తెలిపారు.

స్టాక్‌హోమ్ వాదానికి రసాయన పార్శ్వంలోనూ ఆధారం మిగలలేదు. వారు తమ చర్యను అయాన్ వినిమయ స్తంభంలో, ఇతర భార ఆక్టినైడ్ల వలె మూడు ధనావేశాల అయాను బయటపడే చోట చూశామన్నారు. 1968లో బర్క్లీలో సుమారు మూడు నిమిషాల అర్ధాయువు గల నోబెలియం-255తో జరిపిన ప్రయోగాలు, ఈ మూలకం ద్రావణంలో ప్రధానంగా రెండు ధనావేశాల అయానుగా ఉంటుందని నిరూపించాయి. సీబోర్గ్ 1949లోనే ఊహించిన గుణమది. ఆ చోటులో నోబెలియం దొరకడానికి వీలు లేదు.

పేరు మిగిలిన తీరు

సాక్ష్యం కూలినప్పుడు పేరు కూడా పోవాలా? సోవియట్ వర్గం జోలియోటియం అన్న పేరును సూచించింది. 1995లో అంతర్జాతీయ సమాఖ్యే ఒక ప్రతిపాదనలో 102కు ఫ్లెరోవియం అన్న పేరు పెట్టింది. అదీ నిలవక 1997లో నోబెలియమే ఖరారైంది. (ఫ్లెరోవియం 2012లో 114వ మూలకానికి దక్కింది.) గ్రంథాలలో దశాబ్దాలుగా పాతుకుపోయిందన్నదే పాత పేరుకు ప్రధాన బలం. ఇది వాడుకకు దక్కిన గౌరవమే గాని ఆవిష్కరణకు దక్కినది కాదు. మూలకాల పేర్లను ఆవిష్కర్తల జాబితాగా చదివే పాఠ్యపుస్తక సంప్రదాయం ఈ ఒక్క మూలకం దగ్గరే తడబడక తప్పదు.

1973లో గుర్తించిన నోబెలియం-259 అర్ధాయువు 58 నిమిషాలు; తెలిసిన ఐసోటోపులలో ఇదే దీర్ఘాయువు. అయినా తరువాతి పరిశోధనలో ముందుకు వచ్చినది వివాదానికి కేంద్రమైన 254యే. సీసం-208ను కాల్షియం-48తో తాడిస్తే అది ఇతర ఐసోటోపుల కన్నా ఎక్కువగా పుడుతుంది. 2016లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ శాస్త్రవేత్తలు ఆ పరమాణువులపైనే లేజర్ కాంతిని ప్రసరింపజేసి నోబెలియం వర్ణపట రేఖను తొలిసారి నమోదు చేశారు. 252, 253, 254 కేంద్రకాల పరిమాణాల పోలికకు కూడా ఆ పనియే దారి వేసింది.