ఎల్కానా వంతు

గాజువాక మెయిన్‌రోడ్డు దాటి సందుల్లోకి వెళ్తే కింద ఇనప సామాన్ల గోడౌను, పైన రేకుల షెడ్డు. ఆ షెడ్డే సంఘం. డిసెంబరు మొదటి ఆదివారం, టైము పదకొండు దాటింది. చెప్పులు మెట్ల దగ్గర వదిలి పైకొచ్చి, స్త్రీలు కూర్చున్న చాపల వెనక గోడకి ఆనుకున్నారు మీరు. పాట ఇప్పుడే అయిపోయింది. కంజీరలు ఒళ్లో పెట్టుకుని అందరూ కొంగులతో చెమట తుడుచుకుంటున్నారు. పాస్టరు అయ్యగారు మైకు సర్దుకుని, "సాక్ష్యం చెప్పేవాళ్లు ముందుకు రండమ్మా" అన్నారు.

మూడు నెలల పసిబిడ్డని ఎత్తుకుని ఒకామె లేచింది. తొమ్మిదేళ్లు ఎదురుచూశామని, తిరగని ఆసుపత్రి లేదని, ఉపవాస ప్రార్థనలో కూర్చున్న ఏడాదే దేవుడు గర్భఫలం ఇచ్చాడని చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. "స్తోత్రం, హల్లెలూయా" అంటూ షెడ్డు దద్దరిల్లింది. మీ ముందు వరుసలో నీలం అంచు తెల్ల చీర కట్టుకున్నామె కూడా చప్పట్లు కొడుతోంది. ఆమె చేతులు చూడండి. అందరివీ ఆగాక ఇంకో రెండుసార్లు మోగి అప్పుడు ఆగాయి. తనకి కుళ్లు అని ఎవరూ అనుకోకూడదు. ఆమెకి పెళ్లయి ఎనిమిదేళ్లు.

రెండు వరుసల ముందున్న అత్తగారు వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. అందులో కోపం లేదు. ఆశ ఉంది. కోపమైతే కోడలు ఎదురు చెప్పేది, ఆశకి ఏం చెబుతుంది? పక్కనున్న పెద్దావిడ మోకాలు తట్టి, "నీ వంతూ వత్తాదమ్మా, విశ్వాసం వదిలీకు" అంది.

మగవాళ్ల వైపు మూడో వరుసలో ఆమె భర్త ఉన్నాడు. బైబిలు కవరు జిప్పు లాగడం, మళ్లీ వేయడం. ఆ కవరు లోపలి అరలో నాలుగు మడతల చీటీ ఒకటుంది. మార్చిలో డాక్టరమ్మ రాసిచ్చింది. వీర్యపరీక్ష అని ఒక్కటే ముక్క, కింద సంతకం.

ఈ భార్యాభర్తలు నా కల్పన. వాళ్లు తిరిగే రోడ్లు, ఎక్కే కొండ, ఆయన పనిచేసే కొలిమి నిజం. ఇలాంటి జంట లేని సంఘం మాత్రం నాకు తారసపడలేదు.

ఆ రోజు వాక్యం హన్నా గురించి. షిలోహు మందిరంలో ఆమె పెదవులు కదలడం, మాట బయటికి రాకపోవడం, ఏలీ యాజకుడు తాగి వచ్చిందని మందలించడం, చివరికి సమూయేలు పుట్టడం. హన్నా మీద నేను లెక్కలేనన్ని ప్రసంగాలు విన్నాను, ఆమె భర్త ఎల్కానా మీద ఒక్కటీ వినలేదు. ఏడుస్తున్న భార్యని ఓదారుస్తూ, పదిమంది కొడుకుల పెట్టు తానుండగా దిగులేమిటన్నట్టు మాట్లాడతాడాయన. ప్రేమతోనే అన్నాడు. కానీ అప్పటికే ఇంకో భార్య పెనిన్నా వల్ల ఆయనకి బిడ్డలున్నారు, కాబట్టి హన్నా బాధ ఆయన దాకా రాలేదు. ఇస్సాకు అలా కాదు. 40వ ఏట రిబ్కాని చేసుకుని 60వ ఏట కవలల తండ్రయ్యాడు. ఆ మధ్యకాలంలో భార్య కోసం దేవుణ్ణి బతిమాలుకున్నది ఇస్సాకేనని ఆదికాండం 25వ అధ్యాయం చెబుతుంది. ఆ వచనాన్ని ఎవరైనా మగవాళ్ల చాపల వైపు తిరిగి గట్టిగా చదవాలని నాకెప్పటినుంచో కోరిక.

మధ్యాహ్నం రెండున్నర. కూర్మన్నపాలెంలో రెండు గదుల అద్దె వాటా. అత్తగారు పాస్టరమ్మగారి దగ్గర తెచ్చిన ప్రార్థన నూనె సీసా గూట్లో పెట్టి పడుకుంది. మీరు ఫ్రిజ్ మీది క్యాలెండరు దగ్గరికి రండి. నీలం పెన్నుతో రాసినవి ఆయన షిఫ్టులు. ఏ అంటే ఉదయం ఆరు నుంచి, బి అంటే మధ్యాహ్నం రెండు నుంచి, సి అంటే రాత్రి పది నుంచి. ఎర్ర పెన్నుతో చుట్టినవి గుడ్డు ఎదుగుదల స్కాన్ చూసి డాక్టరమ్మ చెప్పిన రోజులు. నవంబరులో ఆ రోజులన్నీ సి షిఫ్టులోనే పోయాయి. అక్టోబరులో ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తేదీ చూసుకుని దగ్గరికి రావడం పరీక్ష రాయబోయినట్టుందని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలన్నీ గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు, డ్యూటీ టైము.

బీరువా కింది అరలో ఆమె ఫైలుంది. థైరాయిడ్, ఏఎంహెచ్, స్కాన్లు, ట్యూబ్ టెస్ట్. ఆ ఆఖరిదానికి గర్భాశయంలోకి రంగుమందు ఎక్కించి, నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో ఎక్స్‌రేలో చూస్తారు. ఆ రోజు ఆమె చున్నీ నోట్లో కుక్కుకుని పళ్లు బిగించింది. ఆయన బయట బెంచీ మీద ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఫైలు మొత్తం వెతికినా ఆయన పేరుతో ఒక్క కాగితం కనబడదు.

"ఏమండీ, రేపు కొండగుడి పండగ. అమ్మ రమ్మంది. డ్యూటీ దిగి వస్తారా?"

ఆమె పుట్టిల్లు జ్ఞానాపురం, ఆర్‌సీఎం, అంటే క్యాథలిక్ వాళ్లు. పెళ్లితో ఈ సంఘంలోకి వచ్చింది.

"మా అమ్మకి తెలిస్తే..."

"తెలియనివ్వండి. అత్తయ్య ఇచ్చిన నూనె రాసుకున్నాను, చెప్పిన ఉపవాసాలన్నీ ఉన్నాను. మా అమ్మ మొక్కు ఒకటుంది, కొవ్వొత్తి వెలిగించి వచ్చేస్తాను. మీరు పక్కన నిలబడితే చాలు."

ఆయన సరేనన్నాడు. ఇద్దరికీ అదే ఆశ్చర్యం.

రాత్రి పదికి ఆయన వెంట విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ లోపలికి రండి. ఇక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసులకీ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. 1966లో ఈ ఫ్యాక్టరీ కోసం జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత భూములు పోయిన కుటుంబాల్లో ఆయనదీ ఒకటి. తండ్రికి నిర్వాసితుడిగా ఇచ్చిన ఆర్ కార్డు మీద వచ్చింది ఈ పని. "పొలం పోయినా ఉద్దోగం వచ్చింది, ఇంక మనవడొక్కడు సాలు" అని తల్లి అనడం వెనక ఈ లెక్క అంతా ఉంది.

కాస్ట్ హౌస్‌లో డ్రిల్లు మట్టిని తొలిచి ఫర్నేసు నోరు తెరిచింది. 1500 డిగ్రీలకి అటూ ఇటూగా ఉండే ద్రవలోహం తెల్లగా, కళ్లు చెదిరేలా రన్నర్లోకి దూకింది. అల్యూమినియం పూత కోటు తొడుక్కుని, ముఖానికి అద్దం దించుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు. మీరు పదిహేను అడుగుల దూరంలో ఉన్నారు, అయినా చెంపలు చురుక్కుమంటున్నాయి. వీర్యకణాలు తయారయ్యే చోట ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ ఉండాలి. అందుకే దేవుడు వృషణాల్ని ఒంటికి బయట పెట్టాడు. ఈ సంగతి క్యాంటీన్లో నవ్వులాటగా ఆయన చెవిన పడింది. అందరితోపాటు నవ్వాడు. ఆ మర్నాటి నుంచే చీటీ అరలోంచి బయటికి రాలేదు.

సోమవారం ఉదయం ఆరున్నర. బండి మీద ఇద్దరూ శీలానగర్ దగ్గర పోర్టు రోడ్డెక్కారు. బొగ్గు లారీలు, టార్పాలిన్ల కింద నుంచి రాలే నల్లటి పొడి. కాన్వెంట్ జంక్షన్ చేరేసరికి ఆమె ముక్కుకి అడ్డం పెట్టుకున్న కొంగు బూడిదరంగుకి తిరిగింది. జ్ఞానాపురంలో వాళ్లమ్మ రోజుకి రెండుసార్లు కిటికీ చువ్వలు తుడుస్తుంది, ఈ పొడికే.

పాత నగరం దాటి హార్బరు పక్కన రాస్ హిల్. 1864లో రాస్ అనే ఐరోపా ఆయన ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత అదే మరియతల్లి గుడి అయింది. ఏటా డిసెంబరు 8న పండగ. జపమాలలు పట్టుకున్న ముసలమ్మలు, చంకన పిల్లలతో తల్లులు, నుదుట బొట్టుతో వచ్చిన హిందువులు, అందరూ కలిసే ఎక్కుతున్నారు. పక్క కొండ మీద దర్గా, ఆ పక్క కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. కింద ఓడల కాలువ, దానికి అవతల డాల్ఫిన్స్ నోస్. ఓడొకటి టగ్గుల మధ్య నెమ్మదిగా లోపలికి వస్తోంది.

ఆమె కొవ్వొత్తి వెలిగించి, మైనం వేళ్ల మీద కారుతున్నా కదలకుండా నిలబడింది. పూజ అయ్యాక వాళ్లమ్మ ప్రసాదం పంచుతూ తెలిసినవాళ్లతో ఉండిపోయింది. ఇద్దరూ మెట్ల పక్కన రాతి గట్టు మీద కూర్చున్నారు. దగ్గరికి జరగండి, వాళ్లు మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

"ఏం అడిగావు?"

"ఏమీ అడగలేదు. అడిగి అడిగి విసుగొచ్చింది. మీ మీద కోపంగా ఉందని మాత్రం చెప్పాను."

ఆయన ఓడ వైపు చూస్తున్నాడు.

"మీ బైబిలు కవర్లో చీటీ ఉందని నాకు తెలుసండీ. దుమ్ము దులిపినప్పుడల్లా చూస్తున్నాను. ఐవీఎఫ్ మాటెత్తితే అమ్మ, ఫాదర్ గారు ఒప్పుకోరంటుంది. 1987లో రోము నుంచి వచ్చిన ఉత్తర్వులో వద్దన్నారట. అంతదాకా మనం వెళ్లనే లేదు. పోనీ దత్తత తీసుకుందామా అని ఆ రూల్సూ చదివాను. వెనకటికి క్రైస్తవులకి 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా ఉండే హక్కే గానీ దత్తత లేదు. ఇప్పుడు జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఎవరైనా తీసుకోవచ్చు. దానికి కూడా భార్యాభర్తలిద్దరూ ఒప్పుకోవాలి. బిడ్డకి ఇద్దరూ కావాలి, పరీక్షలకి మాత్రం నా ఒక్కదాని ఒళ్లేనా?"

చాలాసేపటికి ఆయన నోరు విప్పాడు.

"ఎనిమిదేళ్లుగా అమ్మ ప్రార్థన చీటీలో నీ పేరే రాయిస్తోంది. నేను వద్దనలేదు. ఇప్పుడు నాలో ఉందని తేలితే ఆ ఎనిమిదేళ్లకీ నేను జవాబు చెప్పుకోవాలి. బిడ్డలు పుట్టరేమోనని కాదు, దానికి భయపడ్డాను."

ఆమె ఏడవలేదు. "అయితే చెప్పుకోండి" అంది. చాలా కథల్లో ఇక్కడ భార్య క్షమించేస్తుంది. అంత తొందరగా క్షమించాల్సిన పని లేదని నేననుకుంటాను.

మర్నాడు మంగళవారం, ఆయనకి వారం ఆఫ్. ఇద్దరూ ల్యాబుకి వెళ్లారు. పరీక్షకి ముందు రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండాలి. వాళ్లు దూరంగా ఉండబట్టి ఎన్నాళ్లయిందో ల్యాబులో అడగలేదు, నయం. పేరు రాసిన చిన్న డబ్బా చేతిలో పెట్టి, వరండా చివర గది చూపించారు. ఈసారి బయట బెంచీ మీద ఆమె కూర్చుంది. తలుపు వేసుకునే ముందు ఆయన వెనక్కి చూశాడు. ఆమె ఫోను తీయలేదు.

రిపోర్టు సాయంత్రం వచ్చింది. మిల్లీలీటరుకి 60 లక్షల కణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసపు అంకె 1 కోటి 60 లక్షలు. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు, మళ్లీ చేయాలి. వేడి ఒక కారణం కావచ్చు, అదొక్కటే అనలేం. అక్కడి నరాలు ఉబ్బాయేమో స్కాన్ తీయాలి, ఉంటే చిన్న ఆపరేషనుతో సరిచేసే వీలుంది. కొత్త కణం తయారవడానికి 70 రోజుల పైనే పడుతుంది కాబట్టి మందులు వాడి మూడు నెలలకి చూద్దాం. వేడి తక్కువుండే సెక్షనుకి మార్చమని అడగండి, ఖైనీ మానండి. "పిల్లలు లేని జంటల్లో సుమారు సగం మందిలో మగవాళ్ల వైపు కారణం కూడా ఉంటుంది. మీరు మార్చిలోనే రావాల్సింది" అంది. ఆయన తలూపి, "అవునండీ" అన్నాడు.

రాత్రి ఎనిమిదిన్నర. కూర్మన్నపాలెం వాటా. తల్లి కొర్రమీను పులుసు వడ్డిస్తోంది. ఆయన కంచం ముందు చేయి కడుక్కుని, అన్నం కలపకుండా చెప్పాడు.

"అమ్మా, టెస్టు చేయించుకున్నాను. తక్కువ నాలో ఉంది. తన రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి."

గరిటె గిన్నెలో ఆగింది. "నీలోనా? ఏటి మాటలవి?" అని, వెంటనే గొంతు తగ్గించి, "ఎవులితోనూ అనకు నాయనా" అంది.

"అయ్యగారికి ఫోన్ చేసి చెప్పేశాను. శుక్రవారం ప్రార్థనకి నా పేరు రాయమన్నాను."

తల్లి కొడుకు వైపు చూసింది, గూట్లో సీసా వైపు చూసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఎనిమిదేళ్లు మోకాళ్ల మీద కన్నీళ్లు కార్చింది నిజంగానే. పీట లాక్కుని కూలబడి, కోడలి వైపు తిరిగింది.

"ఆ ట్యూబు టెస్టంటే శానా నొప్పంట గదే. మన సంగంలో ఎవులో అంతంటే ఇన్నాను. నువ్వు నాకు సెప్పనేదేటి?"

"మీరు అడగలేదు అత్తయ్యా."

"ఇప్పుడడుగుతన్నాను, సెప్పు."

కోడలు స్టవ్ ఆపి వచ్చి, అత్తగారి ఎదురుగా కింద కూర్చుని, 2018లో మొదటిసారి వెళ్లిన ఆసుపత్రి నుంచి మొదలుపెట్టింది.