ఆర్ లోయ: ద్రాక్షతోటలు, సహకారం, వరదలు



యూరప్ వైన్ అనగానే మనకు ఫ్రాన్స్, ఇటలీ గుర్తుకు వస్తాయి. జర్మనీ విషయానికి వస్తే రైన్, మోసెల్ నదుల పేర్లు ముందుగా వినిపిస్తాయి. ఈ పాఠంలో వాటికి దగ్గరలోనే ఉన్న ఒక చిన్న లోయను పరిశీలిద్దాం. అది ఆర్ లోయ. అక్కడి ద్రాక్షతోటల విస్తీర్ణం సుమారు 550 హెక్టార్లు, అంటే 1,400 ఎకరాల కంటే కొంచెం తక్కువ. ఇంత చిన్న ప్రాంతాన్ని మనం ఎందుకు చదవాలి? ఒక నేల ఇచ్చే వరానికీ, అదే నేల తెచ్చే ఆపదకూ మధ్య మనిషి ఎలా నిలబడతాడో ఈ లోయ చరిత్ర స్పష్టంగా చూపుతుంది కాబట్టి.

1. నైసర్గిక స్వరూపం

ఆర్ నది పశ్చిమ జర్మనీలోని ఐఫెల్ కొండలలో, బ్లాంకెన్‌హైమ్ అనే ఊరిలో ఒక ఇంటి నేలమాళిగలో ఉన్న ఊట నుంచి పుడుతుంది. సుమారు 85 కిలోమీటర్లు ప్రవహించి రైన్ నదిలో కలుస్తుంది. ద్రాక్షతోటలు ఉన్నది ఆల్టెనార్ నుంచి దిగువన సుమారు 25 కిలోమీటర్ల మేర మాత్రమే.

ఈ ప్రాంతం 50 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి ఎగువన ఉంది. మన హైదరాబాదు 17 డిగ్రీల వద్ద ఉంది. మన రైతుకు ఎండకు కొరత లేదు. ఆర్ లోయ రైతు మాత్రం ప్రతి ఎండపొడనూ లెక్కపెట్టుకోవాలి. అయినా అక్కడ ఎర్ర ద్రాక్ష పండుతుంది. దీనికి మూడు కారణాలు చెప్పవచ్చు. మొదటిది, దక్షిణానికి తిరిగి ఉన్న నిటారు వాలుపై సూర్యకిరణాలు ఏటవాలుగా కాక సూటిగా పడతాయి. రెండవది, మధ్య ఆర్ లోయ నేలలో ఉన్న నల్లని పలకరాయి పగటి వేడిని పీల్చుకొని రాత్రి మెల్లగా వదులుతుంది. మూడవది, చుట్టూ ఉన్న కొండలు చలిగాలిని అడ్డుకుంటాయి. దిగువకు వచ్చేసరికి లోయ వెడల్పవుతుంది, నేల మెత్తని ఒండ్రుగా మారుతుంది, వైన్ రుచి కూడా మారుతుంది.

నేడు ఇక్కడ ప్రధానంగా పండించేది ష్పేట్‌బుర్గుండర్ రకం. ఫ్రాన్స్‌లో దీనినే పీనో న్వార్ అంటారు. నిటారు వాలుపై రాతి గోడలు పేర్చి, మెట్లు మెట్లుగా చేసి సాగు చేస్తారు. యంత్రాలు ఎక్కలేని చోట పని అంతా చేతులతోనే సాగాలి.

2. ఆధారాలు, యజమానులు

1980లో ఆర్‌వైలర్ వద్ద రోడ్డు పనుల్లో ఒక రోమన్ భవనం బయటపడింది. దానిని బట్టి రోమన్లే ఇక్కడ ద్రాక్ష నాటారని చెప్పేయడం సులభం. కానీ భవనం ఉన్నంత మాత్రాన తోట ఉన్నట్లు కాదు. ప్రూమ్ మఠం 893లో తయారు చేసిన ఆస్తుల పట్టికలో మాత్రం ఈ ప్రాంతపు ద్రాక్షతోటల ప్రస్తావన ఉంది. 1137లో మారీన్‌టాల్‌లో క్రైస్తవ సన్యాసినుల మఠం ఏర్పడింది. మధ్యయుగాలలో మఠాలు ఇక్కడ ముఖ్యమైన భూస్వాములు.

1794 నుంచి రైన్ పశ్చిమ తీరం ఫ్రెంచి సైన్యం అధీనంలోకి వెళ్లింది. 1802లో మఠాలను రద్దు చేసి వాటి ఆస్తులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1815లో వియన్నా కాంగ్రెస్ తరువాత లోయ ప్రష్యా పాలనలోకి వచ్చింది. 1834లో జర్మన్ రాజ్యాల సుంకాల సమాఖ్య ఏర్పడడంతో ఇతర ప్రాంతాల వైన్ సుంకం లేకుండా మార్కెట్‌లోకి వచ్చింది. చిన్న కమతాల ఆర్ రైతు ఆ పోటీకి తట్టుకోలేకపోయాడు. ధర వ్యాపారి చేతిలో ఉండేది. బతుకు భారమై చాలా కుటుంబాలు అమెరికాకు వలస పోయాయి.

3. సహకార మార్గం

1868లో మైషోస్ గ్రామంలో 18 మంది రైతులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పంటను ఒకచోట చేర్చి, ఉమ్మడిగా వైన్ చేసి, ఉమ్మడిగా అమ్మడం దాని ఉద్దేశం. ఒంటరి రైతుకు మంచి పీపాలు, నిల్వ చేసే చోటు, ధర కోసం ఆగే ఓపిక ఉండవు. సంఘానికి ఉంటాయి. నేటికీ పనిచేస్తున్న వైన్ సహకార సంఘాలలో ఇదే అత్యంత పాతదిగా ప్రసిద్ధి పొందింది. 1880లో రైలు మార్గం ఆర్‌వైలర్ వరకు, 1886లో ఆల్టెనార్ వరకు రావడంతో అమ్మకాలకూ పర్యాటకానికీ దారి తెరుచుకుంది.

ఇక్కడ మన ప్రాంతంతో ఒక నిజమైన సంబంధం ఉంది. ఇదే కాలంలో, ఈ లోయకు దూరం కాని నాయ్‌వీడ్ పరిసరాలలో రైఫైజెన్ గ్రామీణ పరపతి సంఘాలను నెలకొల్పాడు. మద్రాసు ప్రభుత్వం కోరగా ఫ్రెడరిక్ నికల్సన్ యూరప్ పద్ధతులను అధ్యయనం చేసి 1895, 1897లలో రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. రైఫైజెన్ పద్ధతి మన గ్రామాలకు అనువైనదని సూచించాడు. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉన్నాయి. 1904 సహకార పరపతి సంఘాల చట్టానికి ఆ చర్చ ఒక పునాది. మీ ఊరి సహకార సంఘం బోర్డును ఈసారి చూసినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

4. మరచిన వరదలు

వేడిని పట్టి ఉంచే ఆ నిటారు వాలే వాననీటిని నిలవనివ్వదు. పలుచని మట్టి, కింద రాయి, ఇరుకైన లోయ. భారీ వాన పడితే నీరంతా ఒక్కసారిగా నదిలోకి దూకుతుంది. 1804 జులై వరదలో 63 మంది మరణించారు. 1910 జూన్ వరదలో రైలు మార్గం పనులు చేస్తున్న కూలీలు పదుల సంఖ్యలో కొట్టుకుపోయారు.

2014లో బాన్ విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రజ్ఞులు పాత పత్రాలు, గోడలపై నీటిమట్టం గుర్తుల సహాయంతో ఈ వరదల పరిమాణాన్ని అంచనా వేశారు. కానీ అధికారిక ముప్పు పటాలు 1940ల తరువాతి కొలతలపైనే ఆధారపడ్డాయి. ఆ కొలతలలో అత్యధికం 2016 నాటి 3.71 మీటర్లు. 2021 జులై 14 రాత్రి ఆల్టెనార్‌లోని కొలమానమే కొట్టుకుపోయింది. లోయలో 130 మందికి పైగా మరణించారు. వంతెనలు, ఇళ్లు, వైన్ నేలమాళిగలు నాశనమయ్యాయి. నది ఒడ్డు తోటలు పోయాయి, వాలు మీది తోటలు చాలావరకు మిగిలాయి.

ఆ శరదృతువులో ఇతర ప్రాంతాల రైతులు వచ్చి కోతలకు సాయపడ్డారు. బురద అంటిన సీసాలనే 'వరద వైన్' పేరుతో అమ్మి, 40 లక్షల యూరోలకు పైగా విరాళాలు సేకరించారు. 1868లో పుట్టిన కలిసి నిలబడే అలవాటు మళ్లీ పనికివచ్చింది. పనికిరానిది ఒక్కటే: పత్రాలలో భద్రంగా ఉండి కూడా ప్రణాళికలలోకి చేరని 1804 జ్ఞాపకం.

5. ముగింపు

నేల అవకాశం ఇస్తుంది, ఆపదా ఇస్తుంది. ఆ అవకాశాన్ని జీవనోపాధిగా మార్చినది సంఘం. ఆపదను తగ్గించగలిగేది జ్ఞాపకం. చరిత్ర విద్యార్థిగా మీ బాధ్యత ఈ రెండవ దానిలో ఉంది. మీ ఊరి చెరువు ఎప్పుడు తెగింది, నీరు ఏ గడప దాకా వచ్చింది అని పెద్దలను అడిగి రాసి పెట్టండి. అది కూడా చరిత్ర ఆధారమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆర్ లోయలో ఎర్ర ద్రాక్ష పండడానికి గల మూడు నైసర్గిక కారణాలు వివరించండి.
2. 1834 సుంకాల సమాఖ్యకూ 1868 మైషోస్ సంఘానికీ గల సంబంధాన్ని చర్చించండి.
3. కొలమానాల లెక్కలు మాత్రమే చరిత్ర ఆధారాలుగా సరిపోవు. 2021 వరద ఆధారంగా పరిశీలించండి.