పక్కా మకాన్: ఒక మాట తారీఖ్

మా అబ్బాకి జిందగీలో ఒక్కటే ఖ్వాయిష్ ఉండేది, పక్కా మకాన్. అత్తిలిలో మేం కిరాయికి ఉన్న పెంకుటింటి వసారాలో కుట్టుమిషన్ తొక్కుతూ ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. "ఛత్ పక్కా హోనా బేటా, తబ్ ఇజ్జత్ ఆతీ" అనేవాడు. కప్పు గట్టిదైతేనే మనిషికి మర్యాద అని. ఆ ఖ్వాయిష్ తీరకుండానే అల్లాకి ప్యారా అయిపోయాడు.

ఇప్పుడు నలభై దాటాక నేను మొదటిసారి సొంతిల్లు కొనబోతున్నాను. బజెట్‌లోకి వచ్చినవి రెండు. ఒకటి కొత్త స్లాబిల్లు. రెండోది పాత పెంకుటిల్లు. మే నెలలో అమ్మీని తీసుకెళ్లి రెండూ చూపించాను. స్లాబింట్లో అరగంట కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటూ, "యే ఘర్ నై బేటా, భట్టీ హై" అంది. ఇల్లు కాదు, ఇటుక బట్టీ అట. అబ్బా మాట ఒకవైపు, అమ్మీ మాట ఒకవైపు. అసలు ఈ 'పక్కా' ఎక్కడి నుంచి వచ్చి మన నెత్తి మీద కూర్చుందో చూద్దామనిపించింది.

ఇల్లు కొనే కాగజాల్లో సగం మాటలు మనవే. బయానా, దస్తావేజు, తనఖా, జామీను, హద్దులు. పక్కా కూడా అలాంటిదే. ఉర్దూలో పక్‌నా అంటే ఉడకడం, కాలడం. దాని వేరు సంస్కృతంలోని పక్వం. కచ్చా అంటే పచ్చిది. మట్టిని అలాగే గోడ పెడితే కచ్చా, అదే మట్టిని ఇటుకగా కాలిస్తే పక్కా. మొదట్లో అంతే ఫర్క్. ఇంగ్లీషు దొరలు ఈ రెండు మాటల్నీ ఎత్తుకుని తమ దఫ్తర్లలో రాసుకున్నారు. ఆ తర్వాత పక్కా అంటే మంచిది, కచ్చా అంటే చెడ్డది అయిపోయింది.

మన డెల్టాలో గరీబుల ఇల్లంటే మట్టిగోడ, తాటాకు కప్పు. తీరం వైపు చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి గోడ, నడుం వంచితే గానీ లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు. అలా కట్టడానికి కారణం ఉంది. గుండ్రంగా ఉంటే గాలి గోడని గుద్దకుండా చుట్టూ జారిపోతుంది. చూరు కిందికి ఉంటే ఎండ గోడని తాకదు. కరెంటు లేని జమానాలో జనం చల్లగా పడుకున్నది ఆ కప్పుల కిందే. కానీ నిజం మొత్తం చెప్పాలి. తాటాకుని కొన్నేళ్లకోసారి మార్చి కప్పించుకోవాలి. వేసవిలో ఒక్క నిప్పురవ్వ ఎగిరితే పేట మొత్తం బూడిద. ఆ భయం తెలిసినవాళ్లు పక్కా కావాలని ఏడ్చారంటే తప్పు పట్టలేం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలు వచ్చాయి, వరి వచ్చింది, పంట కలిసొచ్చినవాళ్ల ఇళ్లకి పెంకు వచ్చింది. ముందు కుమ్మరి చేత్తో చేసిన గూనపెంకు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదానికొకటి పట్టుకుని కూర్చునే ఆ పలక పెంకుని మన వైపు బెంగుళూరు పెంకు అంటారు గానీ పుట్టిల్లు మంగుళూరే. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. పొద్దు వాలగానే పెంకు చల్లబడుతుంది. అమ్మీ ఒళ్లు ఎరిగిన చల్లదనం అదే.

తర్వాత 1977 నవంబర్ 19 వచ్చింది. ఆ రోజు ఉప్పెన దివిసీమని ముంచేసింది. వేలమంది పోయారు. మట్టి గోడలు, తాటాకు కప్పులు ఆ నీళ్ల ముందు నిలవలేదు. 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ పుట్టింది. 1985లో ఇందిరా ఆవాస్, 2006లో ఇందిరమ్మ, 2016లో గ్రామీణ్ ఆవాస్, 2020 డిసెంబర్‌లో పల్లెల్లో సెంటున్నర చొప్పున స్థలాలు. సర్కార్లు మారాయి, పేర్లు మారాయి, పక్కా అన్న మాట మాత్రం మారలేదు. తూఫాన్లో కూలని ఇల్లు ఇవ్వాలన్న నీయత్ మంచిదే. కాంక్రీటు ప్రాణాలు కాపాడింది. దానికి షుకర్ చెప్పాల్సిందే.

చిక్కు ఎక్కడంటే, ఆ మాట కొలిచింది బలాన్ని ఒక్కదాన్నే. 2011లో ఇంటింటికీ తిరిగి చేసిన సామాజిక ఆర్థిక సర్వేలో కప్పుల జాబితా చూడండి. కుమ్మరి చేత్తో చేసిన పెంకు కచ్చా. మిషన్ పెంకు పక్కా. ఆస్‌బెస్టాస్ రేకు, ఇనుప రేకు కూడా పక్కానే! ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద కూర్చున్న ఎవరినైనా అడగండి, ఏది పక్కానో చెబుతారు. 2015లో వచ్చిన పట్టణ ఆవాస్ పథకంలో మొదటి ఇల్లు కొనేవాళ్లకి షరతు ఏమిటి? దేశంలో ఎక్కడా మీ కుటుంబం పేరున పక్కా ఇల్లు ఉండకూడదు. అంటే సర్కారు హిసాబ్‌లో మొదటి ఇల్లంటే మొదటి పక్కా ఇల్లే.

మన పక్కన తాడేపల్లిగూడెంలో, ఏలూరులో టిడ్కో ఇళ్లున్నాయి. 300, 365, 430 చదరపు అడుగులు. వాటికి ఇటుక గోడ కూడా లేదు, కప్పుతో పాటు గోడలూ కాంక్రీటే పోశారు. గట్టివి, తొందరగా లేస్తాయి. కానీ కాంక్రీటు పగలంతా ఎండని మింగి రాత్రంతా కక్కుతుంది. ఇల్లు చవగ్గా దొరికినా ఫ్యాన్లకీ ఏసీకీ నెలనెలా కట్టే కరెంటు బిల్లు ఇంకో కిస్తీ.

ఈ ముచ్చట ఒక్క మనదే కాదు. ఈజిప్టులో హసన్ ఫతీ అనే ఆర్కిటెక్ట్ సాబ్ ఉండేవాడు, 1989లో చనిపోయాడు. 1945లో లక్సర్ దగ్గర గుర్నా ఊరివాళ్ల కోసం పచ్చి ఇటుకతో, గుమ్మటాల కప్పులతో కొత్త ఊరు కట్టడం మొదలుపెట్టాడు. సిమెంటు లేదు, ఇనుము లేదు, ఎడారిలో చల్లటి గదులు. అయినా ఊరు ఊరంతా అక్కడికి కదలలేదు. వాళ్ల బతుకుతెరువు పాత ఊరితో ముడిపడి ఉంది, అదొకటి. గుమ్మటం అంటే వాళ్ల కళ్లకి మజార్ గుర్తొచ్చేది, అదొకటి. బతికున్నవాళ్లు మజార్ కింద ఎలా పడుకుంటారు? సస్తా, చల్లన ఉంటే చాలదు, ఇల్లు ఇజ్జత్ కూడా ఇవ్వాలి. మా అబ్బా చెప్పింది అదే కదా!

మరి రెండూ కుదరవా? కుదురుతాయని లారీ బేకర్ కేరళలో కట్టి చూపించాడు. స్లాబు అడుగు భాగంలో బలానికి పనికిరాని కాంక్రీటు చోట మంగుళూరు పెంకులు పరిచి పోయించాడు. ఇటుకల్ని నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే గోడ కట్టించాడు. దాంతో ఇటుక పావు వంతు ఆదా, ఆ ఖాళీలోని గాలి వేడిని ఆపుతుంది. సర్కారుకీ ఆలస్యంగా తెలిసొచ్చింది. 2018లో ఎకో నివాస్ సంహిత అని ఇళ్ల కోసం ఒక కోడ్ తెచ్చారు. కప్పులోంచి వేడి ఎంత దిగవచ్చో అందులో హద్దు పెట్టారు. పైన ఏ పొరా లేని మామూలు స్లాబు ఆ హద్దుకి రెండింతలు దాటుతుంది. 2023లో తెలంగాణ కప్పులకి తెల్లపూత వేయించే పాలసీ తెచ్చింది. సున్నం కొట్టిన కప్పు చల్లగా ఉంటుందని మన నానీలకి ఏ పాలసీ చెప్పింది?

ఇక నా సంగతి. లోన్ కోసం వెళితే పెంకుటింటికి విలువ కట్టం, స్థలానికి మాత్రమే కడతాం అన్నారు. ఆ మాట అక్కడ కూడా కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చే అప్పు తగ్గిపోయింది. రాత్రంతా హిసాబ్ వేశాను. అప్పు తగ్గితే సూద్ తగ్గుతుంది, అదీ ఒక బర్కతే అనుకున్నాను. అమ్మీ గాజులు అమ్ముదామంది, నేను వద్దన్నాను. పొద్దున్నే పెంకుటింటికి బయానా ఇచ్చేశాను.

అలాగని తాతల జమానా మీద మోజుతో కొనలేదు. తూఫాన్ని మర్చిపోలేదు. వాసాలని ఇనుప పట్టీలతో గోడకి బిగిస్తాం. వెనక ఒక చిన్న గది మాత్రం స్లాబు వేయించి పైన తెల్లసున్నం కొట్టిస్తాం. గాలివాన రాత్రికి అబ్బా ఛత్, మిగతా రోజులకి అమ్మీ పెంకు.

మొదటి ఇల్లు కొనేవాళ్లకి నాకు తోచిన సలహా ఒకటే. మేస్త్రీ చెప్పేది వినండి, కాగజాలు చూడండి. కానీ బయానా ఇచ్చే ముందు మే నెలలో ఒకరోజు రాత్రి పదింటికి వెళ్లి ఆ ఇంట్లో ఫ్యాన్ ఆపి పావుగంట కూర్చోండి. వీలైతే మీ అమ్మీని కూడా తీసుకెళ్లండి.